చలిలో, వానలో బైక్ మీద దూరప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

ముసురు పట్టిన రోజుల్లో, 2 నుంచి 12 డిగ్రీల చలిలో, రోజుకు కొన్ని వందల కిలోమీటర్లు బండి నడపాల్సినవాళ్ల కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ. మంచు పేరుకున్న దారుల్లో నడపడం వేరే విద్య, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. గడ్డకట్టే చలిని చూస్తే ఎవరైనా జాగ్రత్త పడతారు. ఈ మధ్యరకం చలిని మాత్రం తేలిగ్గా తీసుకుంటారు.

థర్మామీటర్ 10 డిగ్రీలు చూపిస్తోంది. అదేమంత చలి?

నిలబడి ఉన్న మనిషికి పెద్ద చలి కాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే మాత్రం ఆ 10 డిగ్రీలే ఒంటికి దాదాపు 4 డిగ్రీల్లా తగులుతాయి. 5 డిగ్రీలుంటే సున్నాకు 3 డిగ్రీలు కింద ఉన్నట్టే. ఇది పొడి ఒంటికి లెక్క. బట్టలు తడిస్తే ఇది కూడా చాలదు. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. తడిబట్ట ఆరడానికి కావలసిన వేడి కూడా మన ఒంట్లోంచే పోతుంది.

కొండదారి ఉంటే ఇంకో లెక్క కలపాలి. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది. కొండ కింద 12 డిగ్రీలుంటే, అక్కడికి 1500 మీటర్ల పైనున్న కనుమ దగ్గర 2 డిగ్రీలే ఉండొచ్చు. అక్కడ వానతో పాటు రోడ్డు మీద మంచుపొర కూడా ఉంటుందని అనుకునే బయల్దేరాలి.

చలిని ఓర్చుకోగలను. ఓర్చుకుంటే ఏమవుతుంది?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. చలి ముందు వేళ్లను పట్టుకుంటుంది. ఒంట్లోపలి అవయవాలను వెచ్చగా ఉంచుకోవడానికి శరీరం చేతులకూ కాళ్లకూ రక్తం తగ్గిస్తుంది. వేళ్లు కొంకర్లు పోతాయి, బ్రేక్ లివర్ మీద ఎంత ఒత్తిడి పెడుతున్నామో తెలియదు. తర్వాతి వంతు తలది. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు తగ్గితే దాన్ని హైపోథర్మియా అంటారు. అంతదాకా పోకముందే ఆలోచన మందగిస్తుంది: ఇండికేటర్ ఆపడం మర్చిపోతారు, మలుపు దాటిపోయాక గుర్తొస్తుంది, "ఇంకో 30 కిలోమీటర్లే కదా" అనిపిస్తుంది. ఆగాలో వద్దో తేల్చుకోవాల్సిన బుర్రనే చలి ముందు మొద్దుబారుస్తుంది. అందుకే ఆ నిర్ణయం దారిలో తీసుకోకండి, వెచ్చగా ఉన్నప్పుడే తీసుకోండి. "వణుకు మొదలైతే కనపడిన మొదటి చూరు కింద ఆగుతాను" అని బయల్దేరే ముందే ఖాయం చేసుకోండి.

ఆగినప్పుడు చిన్న పరీక్ష ఒకటి చేసుకోవచ్చు. గ్లౌజు తీసి బొటనవేలితో అదే చేతి చిటికెనవేలి కొసను తాకండి. తాకలేకపోతే ఆ చెయ్యి బండి నడపడానికి పనికిరాదు.

తోటి ప్రయాణికుడు వణుకుతూ ముద్దముద్దగా మాట్లాడుతుంటే గాలీ వానా తగలని చోటికి తీసుకెళ్లండి. తడిబట్టలన్నీ విప్పించి పొడివి తొడగండి. మెడకు, ఛాతీకి, చంకలకు వెచ్చదనం ఇవ్వండి. తెలివిగా ఉండి మింగగలిగితే తియ్యటి వేడి పానీయం తాగించండి. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకూడదు. మద్యం అసలే వద్దు. మద్యం చర్మం కింది రక్తనాళాలను విప్పార్చి, లోపల మిగిలిన వేడిని కూడా బయటికి పంపేస్తుంది. ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయినా, మాట పొంతన తప్పినా వెంటనే అంబులెన్సును పిలవాలి.

లోపల ఎన్ని పొరలు వేసుకోవాలి?

మూడు చాలు, కానీ ఏ పొర పని దానిదే. ఒంటికి ఆనుకునేది మెరినో ఉన్నిదో, పాలియెస్టర్‌దో అయ్యుండాలి. నూలు బనియన్ వద్దు. నూలు చెమటను పీల్చుకుని ఒంటికి అంటుకుపోతుంది, ఆరదు. దానిపైన ఫ్లీస్ లాంటి మందపాటి పొర ఉండాలి. ఈకలు కూరిన జాకెట్ పొడిగా ఉన్నంతసేపు ఎంతో వెచ్చన, తడిస్తే ముద్దయిపోయి దాదాపు ఎందుకూ పనికిరాదు. వానలో ప్రయాణానికి సింథటిక్ పీచు నింపినదే నయం. ఆపైన గాలినీ నీటినీ ఆపే రైడింగ్ జాకెట్.

పొరలు బిగుతుగా ఉండకూడదు. వెచ్చదనం పొరల మధ్య చిక్కిన గాలిది. జాకెట్ జిప్పు పెట్టుకోవడానికి ఊపిరి బిగబట్టాల్సి వస్తోందంటే ఒక పొర ఎక్కువైనట్టే. మెడను మర్చిపోకండి. హెల్మెట్‌కూ కాలరుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉంటే చాలు, చల్లగాలి అక్కడినుంచి ఛాతీదాకా దిగుతుంది. గొంతు మీద గొట్టంలా తొడుక్కునే ఫ్లీస్ గుడ్డ గుప్పెట్లో పట్టేంత చిన్నది, అది ఆపే చలి మాత్రం చాలా ఎక్కువ.

జాకెట్ వాటర్‌ప్రూఫ్ అన్నారు, అయినా చలేస్తోంది. ఎందుకు?

చాలా జాకెట్లలో నీటిని ఆపే పొర లోపల వేలాడే అస్తరు. నీరు ఒంటిదాకా రాదు, నిజమే. కానీ బయటి బట్ట స్పాంజిలా నీరు పీల్చుకుని కిలోల బరువెక్కుతుంది. గాలికి ఆ నీరు ఆరుతున్నంతసేపూ జాకెట్ చల్లబడుతూనే ఉంటుంది. పైబట్టకే పొరను అతికించిన జాకెట్లలో ఈ ఇబ్బంది తక్కువ, ఖరీదు ఎక్కువ. మామూలు జాకెట్ మీద తేలికపాటి రెయిన్‌సూట్ వేసుకోవడమే చవకైన ఉపాయం, మా దృష్టిలో చాలామందికి అదే మేలు.

పైబట్ట మీద నీటిచుక్కలు పూసల్లా జారిపోకుండా ఇంకిపోతుంటే దాని పూత అరిగిపోయినట్టు. పూత మళ్లీ వేసే ద్రవాలు దొరుకుతాయి. ఉతికేటప్పుడు బట్టలు మెత్తబరిచే ద్రవం వాడొద్దు, అది పూతను పాడుచేస్తుంది.

రెయిన్‌సూట్ ఎప్పుడు వేసుకోవాలి?

మొదటి చినుకుకు ముందే. ఆకాశం నల్లబడి, ఎదురొచ్చే వాహనాల వైపర్లు తిరుగుతూ కనిపిస్తే అప్పుడే ఆగండి. తడిసిన జాకెట్ మీద రెయిన్‌సూట్ వేసుకుంటే ఆ తడినంతా లోపల మూటగట్టుకున్నట్టే. జాకెట్ మీద వేసుకోవాలి కాబట్టి ఒకటో రెండో సైజులు పెద్దది కొనండి. దుకాణంలో నిలబడి కాదు, బండి మీద కూర్చుని చేతులు హ్యాండిల్ మీద పెట్టి చూసుకోండి. అప్పుడే ముంజేతులూ చీలమండలూ బయటపడతాయో లేదో తెలుస్తుంది.

ఏ సూటైనా మొదట కారేది తొడల సందులోనే. సీటు గుంటలో నీరు నిలుస్తుంది, కుట్టు మీద బరువు పడుతుంది. అక్కడి కుట్లకు లోపలివైపు టేపు ఉందో లేదో చూసి కొనండి. సైలెన్సర్ వైపు కాలికి వేడిని తట్టుకునే అతుకు ఉండాలి. లేకపోతే ప్యాంటు వేడికి కరిగి సైలెన్సర్ పైపుకు అంటుకుపోతుంది.

గ్లౌజు జాకెట్ చేతిలోపలా, బయటా?

మీ హ్యాండిల్ ఎత్తును బట్టి. చేతులు భుజాల నుంచి కిందికి వాలి ఉంటే నీరు చెయ్యి వెంబడి జారి గ్లౌజులోకి దిగుతుంది. అలాంటప్పుడు గ్లౌజు లోపల ఉండి, రెయిన్‌కోటు చెయ్యి దాని మీదికి రావాలి. ఎత్తు హ్యాండిల్ పట్టుకుని ముంజేతులు పైకి ఉన్నాయంటే నీరు మోచేతివైపు పారుతుంది, అప్పుడు గ్లౌజు బయట ఉండాలి. ప్యాంటు విషయంలో ఈ సందేహమే లేదు: ఎప్పుడూ బూటు మీదికే రావాలి.

రోజంతా వాన కురిస్తే ఏ గ్లౌజైనా చివరికి తడుస్తుంది. రెండు జతలు తప్పనిసరి, మూడైతే నిశ్చింత. బాగా మందమైన గ్లౌజు కొనాలని ఆశపడకండి, లివర్ స్పర్శ తెలియకపోతే తడిరోడ్డు మీద బ్రేకు వేయలేరు. హ్యాండిల్‌కు తొడిగే చేతితొడుగులు చూడ్డానికి బాగుండవు కానీ, మందమైన గ్లౌజుకంటే మెరుగ్గా పనిచేస్తాయి. చెయ్యి చటుక్కున బయటికి తీసి మళ్లీ దూర్చడం బండి ఆపి ఉన్నప్పుడే పదిసార్లు సాధన చేయండి. అత్యవసరానికి ఆస్పత్రుల్లో వాడే పల్చటి నైట్రైల్ గ్లౌజులు నాలుగు జతలు జేబులో ఉంచుకోండి. ఒంటికి ఆనుకునేలా లోపల తొడుక్కుంటే, తడి గ్లౌజుతో కూడా ఒక గంట నెట్టుకురావచ్చు.

వేడెక్కే గ్రిప్పులు, వేడెక్కే జాకెట్ పెట్టించుకుంటే బ్యాటరీ తట్టుకుంటుందా?

బ్యాటరీని కాదు, ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ను అడగాలి ఆ ప్రశ్న. గ్రిప్పుల జత సుమారు 30 నుంచి 50 వాట్లు తీసుకుంటుంది, వేడెక్కే జాకెట్ అస్తరు సుమారు 75 నుంచి 100 వాట్లు. హెడ్‌లైట్ హాలోజన్ బల్బుదైతే అది ఇంకో 55, 60 వాట్లు. ఇంజెక్షన్ పంపు, ఇగ్నిషన్ తమ వంతు తీసుకోగా చిన్న బండ్లలో మిగిలేది చాలా తక్కువ. వాటికి గ్రిప్పులతోనే సరిపెట్టుకోవడం మంచిది.

మల్టీమీటర్‌తో పరీక్షించండి. అన్నీ వేసి, ఇంజిన్‌ను ప్రయాణపు వేగంలో తిప్పుతూ బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర కొలవండి. 13.5 వోల్టులు దాటితే దిగుల్లేదు. 12.8కి దిగువన ఉంటే బ్యాటరీ ఖాళీ అవుతోందన్నమాట. పట్టణపు ట్రాఫిక్‌లో ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు వేడి తగ్గించండి, లేదా ఆపేయండి.

వైరింగ్ హెడ్‌లైట్ తీగ నుంచి లాగొద్దు. బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజుతో తీగ తెచ్చి, తాళం తిప్పితేనే కలిసే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) పెట్టించండి. అన్నీ కలిపి 90 వాట్లయితే 13.5 వోల్టుల దగ్గర దాదాపు 6.7 ఆంపియర్లు, 10 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. రిలే లేకపోతే బండి ఆపాక గ్రిప్పులు అలాగే మరిచి, పొద్దున్నకల్లా బ్యాటరీ పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

వైజర్‌కు (హెల్మెట్ అద్దానికి) లోపల ఆవిరి పడుతోంది. ఏం చేయాలి?

ఊపిరిలోని తడి చల్లటి వైజర్‌కు తగిలి ఆవిరి పడుతుంది. పూతలూ స్ప్రేలూ కొన్ని గంటలే పనిచేస్తాయి. గట్టిగా పనిచేసేది పిన్‌లాక్ లాంటి రెండో పొర. వైజర్‌కూ ఆ పొరకూ మధ్య చిక్కిన గాలి చలిని లోపలికి రానివ్వదు. ఆ గాలిని బంధించేది పొర చుట్టూ ఉండే సిలికాన్ అంచు. అంచు ఎక్కడైనా వైజర్‌కు ఆనకపోతే రెండు పొరల మధ్యే ఆవిరి చేరుతుంది, దాన్ని తుడవడానికి కుదరదు. అలా జరిగితే వైజర్ పిన్నులను కొద్దిగా తిప్పి బిగువు పెంచండి. అవి పక్కకు ఒరిగిన పిన్నులు, తిప్పితే పొరను దగ్గరికి లాగుతాయి. ఆ పొరను కాగితంతో తుడవొద్దు, గీతలు పడతాయి. గోరువెచ్చని నీళ్లూ మెత్తటి గుడ్డా చాలు.

అది లేనప్పుడు ముక్కు దగ్గర ఊపిరిని కిందికి మళ్లించే తొడుగు పెట్టుకోండి, గడ్డం దగ్గరి గాలిదారి తెరవండి, ఆగినప్పుడు వైజర్ ఒక మెట్టు ఎత్తండి. గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క లోపల రాసి పొడిగుడ్డతో తుడిచేస్తే కొంతసేపు గడుస్తుంది.

రాత్రి వానలో ఎదుటి లైట్లు చెదిరిపోయి ఏమీ కనపడటం లేదు.

వైజర్ మీది గీతలే చాలావరకు కారణం. పగలు కనపడని సన్నగీతలు రాత్రి చుక్కలతో కలిసి లైట్లను చిమ్ముతాయి. ప్రయాణానికి ముందు కొత్త తెల్ల వైజర్ వేయించండి, రంగుది ఇంట్లో వదిలేయండి. గంటకు 60 దాటాక తల కొద్దిగా పక్కకు తిప్పితే చుక్కలు గాలికే జారిపోతాయి. మా సలహా మాత్రం, చీకటి పడేలోపు బస చేరుకునేలా దూరం వేసుకోవడమే.

వానకు టైర్లలో గాలి తగ్గించాలా?

వద్దు. బాగా పాతుకుపోయిన అపోహ ఇది. గాలి తగ్గిస్తే టైరు చదునై, గాడులు మూసుకుపోయి, నీటిని పక్కకు తోసే శక్తి తగ్గుతుంది. నీటి మీద తేలే ప్రమాదం పెరుగుతుంది. బండితో వచ్చిన పుస్తకంలో ఉన్న ఒత్తిడే ఉంచండి, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవండి. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే టైరులో ఒత్తిడి దానంతటదే ఒకటిన్నర నుంచి 2 పీఎస్ఐ పడిపోతుంది. కాబట్టి వెచ్చటి ఊళ్లో నింపుకుని కొండెక్కినవాళ్లు మర్నాడు పొద్దున్నే చూసుకోవాలి.

చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీసపు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు లేదా అంతకంటే తక్కువ. వానలో దూరప్రయాణానికి అది చాలదు, 3 మిల్లీమీటర్లకు దగ్గర పడితే మార్చి బయల్దేరండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గాడులు బాగున్నా, ఏళ్లు గడిచి రబ్బరు గట్టిపడిన టైరు చల్లటి తడిరోడ్డును పట్టుకోదు.

చైన్‌కు ఎన్నాళ్లకోసారి నూనె?

పొడి రోజుల్లో 500 కిలోమీటర్లకోసారి వేసేవాళ్లు, వానలో ప్రతి సాయంత్రం వేయాలి. బండి ఆపిన వెంటనే, చైన్ వెచ్చగా ఉన్నప్పుడు వేస్తే లోపలికి ఇంకి రాత్రికి అంటుకుంటుంది. పొద్దున బయల్దేరేముందు వేస్తే మొదటి పది కిలోమీటర్లలోనే చక్రం మీదికి చిమ్మేస్తుంది. కింది వరుసలో లోపలివైపు పోయండి. స్ప్రే లేకపోతే 80/90 గేర్ ఆయిల్ చాలు. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో, చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజిన్ తిరుగుతుండగా గుడ్డతో చైన్ తుడవబోయి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఓ-రింగ్ చైన్‌ను (లింకుల మధ్య రబ్బరు వలయాలుండే చైన్) పెట్రోలుతో కడగొద్దు, కిరసనాయిలు వాడండి.

ఇంకా బండికి ఏం చూసుకోవాలి?

రేడియేటర్ ఉన్న బండిలో మంచినీళ్లు పోసి ఉంటే తీసేయించండి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, ఇంజిన్ బ్లాకు పగలడానికి అది చాలు. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపితే సున్నాకు దాదాపు 37 డిగ్రీల కిందిదాకా గడ్డకట్టదు. నిండా ఛార్జయిన బ్యాటరీ, బండి ఆపి కొన్ని గంటలయ్యాక, 12.6 నుంచి 12.8 వోల్టులు చూపాలి. చలిలో దాని శక్తి ఎలాగూ తగ్గుతుంది, పాతదైతే మార్చి వెళ్లండి. కార్బురేటర్ బండి తేమతో కూడిన చలిలో పికప్ తగ్గి, ఐడిల్‌లో ఆగిపోతుంటే లోపల మంచు పట్టి ఉండొచ్చు. ఒక ఐదు పది నిమిషాలు ఆగితే ఇంజిన్ వేడికే కరిగిపోతుంది. ఏదీ విప్పదీయక్కర్లేదు.

తడిరోడ్డు మీద ఎక్కడ ఎక్కువగా జారుతుంది?

చాలారోజుల ఎండ తర్వాత కురిసే వానలో మొదటి అరగంట. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము, టైర్ల రబ్బరు పొడి అప్పుడే తేలి జిడ్డవుతాయి. ఆ తర్వాత వాన గట్టిగా పడితే రోడ్డు కడుక్కుపోయి పట్టు మెరుగవుతుంది. అందుకే జల్లు మొదలైతే టీ తాగడానికి ఆగడం మంచి అలవాటు.

మిగతావి: తెల్లగీతలు, మ్యాన్‌హోల్ మూతలు, వంతెనల ఇనుప అతుకులు, రాలిన ఆకులు, పెట్రోలు బంకుల ముంగిలి, వాహనాలు ఆగి ఆగి కదిలే టోల్‌గేట్ల దగ్గర వరుస మధ్యభాగం. వాటి మీద బండి నిటారుగా ఉండాలి, బ్రేకూ యాక్సిలరేటరూ ముట్టకూడదు. రైలు పట్టాలను అడ్డంగానే దాటాలి. ఏటవాలుగా వెళ్తే ముందుచక్రం పట్టా వెంబడి జారిపోతుంది. రోడ్డు మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపించినా, డీజిల్ వాసన వచ్చినా వేగం తగ్గించండి. మామూలుగా కార్ల చక్రాలు నడిచే జాడలోనే వెళ్లండి, అక్కడ నీరు తక్కువ.

బ్రేకు ఎలా వేయాలి?

రెండు బ్రేకులూ వాడండి, ముందు బ్రేకు భయపడి వదిలేయొద్దు. తేడా అంతా మొదటి క్షణంలోనే ఉంది. లివర్‌ను మెల్లగా నొక్కి, బరువు ముందుచక్రం మీదికి వచ్చేదాకా ఆగి, అప్పుడు బలం పెంచాలి. ఒక్కసారిగా లాగితే బరువు రాకముందే చక్రం బిగుసుకుపోతుంది. తడిసిన డిస్కు మొదట పట్టుకోదు, తర్వాత హఠాత్తుగా పట్టుకుంటుంది. వాన ఎక్కువగా ఉన్నప్పుడు అప్పుడప్పుడూ లివర్‌ను తేలిగ్గా ఆనిస్తే నీరు తుడుచుకుపోతుంది. గేర్ తగ్గించి క్లచ్ చటుక్కున వదిలితే వెనకచక్రం జారుతుంది.

గంటకు 80 వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ప్రమాదం చూసి చెయ్యి కదిలేలోపే ఆ 22 మీటర్లు పోతాయి. ఆపైన ఆగడానికి పొడిరోడ్డు మీద సుమారు 35 మీటర్లు పడితే, తడిరోడ్డు మీద 50 దాకా పడుతుంది. ముందు వాహనానికి నాలుగు సెకన్ల దూరం ఉంచండి. చేతులు చల్లబడితే ఆరు.

రోడ్డు మీద మంచుపొర ఉందని ఎలా తెలుస్తుంది?

చూస్తే తెలియకపోవడమే దాని ప్రమాదం. గాలి ఉష్ణోగ్రత 4 డిగ్రీలకు దిగితే ఉందనే అనుకోండి. వంతెనలకు పైనా కిందా గాలి తగులుతుంది కాబట్టి అవి ముందు గడ్డకడతాయి. తర్వాత చెట్ల నీడలు, కొండకు ఎండ పడని వైపు మలుపులు. మధ్యాహ్నం కరిగి పారిన నీరు తెల్లవారేసరికి గడ్డకట్టి ఉంటుంది, అందుకే అలాంటి చోట ఎండ పొడ తగిలాకే బయల్దేరాలి. తడిగా మెరుస్తున్న రోడ్డు మీద ముందువాహనం చక్రాల నుంచి తుంపర లేవకపోతే అది నీరు కాదు. పొర మీదికి వచ్చేస్తే ఏమీ చేయకండి: తిప్పొద్దు, బ్రేకు వేయొద్దు, క్లచ్ నొక్కి తిన్నగా పోనివ్వండి.

రోడ్డు మీద నీరు పారుతోంది. దాటవచ్చా?

అడుగు కనపడకపోయినా, నీరు వేగంగా కదులుతున్నా దాటొద్దు. నిలిచిన నీరు చక్రం ఇరుసుకంటే తక్కువని నడిచి చూసుకున్నాక మాత్రమే, మొదటి గేర్‌లో, యాక్సిలరేటర్ ఒకే తీరుగా ఉంచి వెళ్లండి. మధ్యలో ఇంజిన్ ఆగిపోతే స్టార్టర్ నొక్కొద్దు. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బయటికి తోసుకొచ్చి, ఎయిర్ ఫిల్టర్ పెట్టె చూసి, స్పార్క్ ప్లగ్ విప్పి ఇంజిన్‌ను తిప్పితే నీరు బయటికి చిమ్ముతుంది.

ఉరుములు, పొగమంచు?

మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లకు లోపే ఉంటే బండి దిగి భవనంలోకో, పైకప్పున్న కారులోకో వెళ్లండి. చెట్టు కింద వద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. టైర్లు రబ్బరువి కాబట్టి పిడుగు ఏమీ చేయదన్నది నిజం కాదు. పొగమంచులో లో బీమ్ వేయండి, హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడే కనపడుతుంది.

రోజుకు ఎంత దూరం వేసుకోవచ్చు?

ఎండలో హాయిగా 400 కిలోమీటర్లు వెళ్లగలిగినవాళ్లు 250 వేసుకోండి. ప్రతి 60 నుంచి 90 నిమిషాలకు ఆగి దిగి నడవండి. ప్రతి రెండు గంటలకు ఏదో ఒకటి తినండి, వణుకు కూడా ఒంట్లోని ఇంధనాన్నే ఖర్చు చేస్తుంది. చలిలో దాహం తెలియదు, మూత్రం మాత్రం ఎక్కువగా వస్తుంది. దాహం లేకపోయినా నీళ్లు తాగండి.

సామాను తడవకుండా?

సైడ్ బ్యాగులకిచ్చే పైతొడుగులను నమ్మొద్దు. గాలికి ఎగిరిపోతాయి, లేదా అడుగున నీరు పట్టి గిన్నెలవుతాయి. నీరు చొరని సంచిని లోపల పెట్టి, మూతిని కనీసం మూడు మడతలు చుట్టండి. పొడి సాక్సులు, లోపలి బట్టల జత, ఒక జత గ్లౌజులు విడిగా కట్టి పైనే ఉంచండి. ఎంత వాన పడినా ఆ మూట రాత్రి బసలోనే విప్పాలి. ఫోను తడిస్తే తెర వేళ్లను గుర్తించదు, కాబట్టి ఆ రోజు దారిలో వచ్చే ఊళ్ల పేర్లూ దూరాలూ కాగితం మీద రాసి ట్యాంకు మీద పెట్టుకోండి.

రాత్రికి బూట్లు, గ్లౌజులు ఎలా ఆరబెట్టాలి?

హీటర్‌కు ఆనించొద్దు, సైలెన్సర్ మీద అసలే పెట్టొద్దు. తోలు బిరుసెక్కి పగులుతుంది, నీటిని ఆపే పొర ఊడుతుంది. బూట్ల లోపలి అట్టలు తీసి విడిగా పెట్టి, లోపల పాత వార్తాపత్రికలు కుక్కండి. గంటకోసారి చొప్పున మూడుసార్లు కాగితం మారిస్తే నీరు చాలావరకు వచ్చేస్తుంది, మిగతాది ఫ్యాను గాలి చూసుకుంటుంది. గ్లౌజులను పిండొద్దు, లోపలి అస్తరు వేళ్లలోంచి ఊడివచ్చి మళ్లీ సరిగా కూర్చోదు. వెలుపలి తడిని తువ్వాలుతో అద్ది, మూతి తెరిచి గాలి తగిలేలా వేలాడదీయండి. హెల్మెట్ అస్తరు ఊడదీసే వీలుంటే ఊడదీయండి. పొద్దున ఇంకా చెమ్మగా ఉంటే ఆ గ్లౌజులు సంచిలోకి, పొడి జత చేతులకు.